ఒకే చూరు కింద ఒక రాత్రి

రాయప్ప ఇంజను బ్లాకు మీద కప్పిన గోనెపట్టాలు ఒక్కొక్కటే తీసి తలుపు పక్కన కుప్ప పెట్టాడు. తూర్పున ఇంకా ఎరుపు రాలేదు. హనుమాన్ జంక్షన్‌లో రాత్రి లారీలు పలచబడి, పొద్దుటి బస్సులు మొదలుకాని ఆ కాసేపట్లోనే ఇనుము నిజం చెబుతుందని అతని నమ్మకం. మే నెల ఎండ ఎక్కిందంటే ఇనుము కూడా మనిషిలాగే మాట మారుస్తుంది. అందుకని కొలవాల్సిన ఇంజను బ్లాకును ముందురోజే కిరసనాయిలుతో కడిగించి, షెడ్డు మధ్య బల్ల మీద పెట్టించి, చల్లని వేళ వచ్చి కొలుస్తాడు. రాఘవయ్యగారి వర్క్‌షాపులో చేరిన నాటినుంచీ ఇదే వరస.

మనిషి పొడుగు. ఏళ్ళ తరబడి ఇంజన్ల మీదికి వంగి వంగి ఆ పొడుగంతా మెడ దగ్గర ముడుచుకుపోయింది. ఖాకీ నిక్కరు, చమురు మరకల బనీను, మెడలో నల్లదారానికి చిన్న సిలువ. బోరులోకి, అంటే సిలిండరు గుంతలోకి, ఒంటికన్నుతో చూసే అలవాటు వల్ల కుడికన్ను కింద ముడతలు ఎక్కువ. జంక్షన్‌లో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. బోరింగ్ మేస్త్రీ అంటే చాలు, ఏ టీకొట్టువాడైనా ఈ షెడ్డు వైపు చెయ్యి చూపిస్తాడు.

గుడ్డతో మొదటి సిలిండరు లోపలి గోడ తుడిచి, క్యాలిపర్‌ను ఎడమచేత్తో లోపలికి దించాడు. ఈ క్యాలిపర్‌కు అంకెలుండవు. వంకర కాళ్ళు రెండూ విప్పి బోరులో నిలబెట్టి మెల్లగా ఊపితే, కాళ్ళ కొసలు గోడను రాసుకుంటాయి. ఆ రాపిడి ఎంతో వేళ్ళకు తెలియాలి. కన్ను చెప్పలేదు, చెవి చెప్పలేదు. వేళ్ళు సరే అన్నాక దాన్ని బయటికి తీసి మైక్రోమీటరు మధ్య పెట్టి అంకె చూసుకోవాలి. అంగుళాన్ని వెయ్యి వంతులు చేస్తే అందులో ఒక వంతు పేరు థౌ. తలవెంట్రుక మందం మూడు థౌలు. రాయప్ప వ్యాపారమంతా ఆ వెంట్రుకలోపలే.

మొదటిసారి ఒక అంకె వచ్చింది. మళ్ళీ కొలిస్తే ఇంకొకటి. మూడోసారి కొలిస్తే మొదటిదానికి దగ్గరగా వచ్చింది గాని, అది నిజంగా వచ్చిందో తనే రావాలని కోరుకున్నాడో తేల్చుకోలేకపోయాడు. నుదుటన చెమట పట్టింది. ఇంకా ఎండే లేదు.

కుడిచేత్తో కొలిచిన రోజుల్లో ఈ పేచీ లేదు. ఆ చేతి చిటికెన వేలూ ఉంగరపు వేలూ నిరుడే మొద్దుబారాయి. నిరుడు వేసవిలో పచ్చడికని కాయలు కోస్తుంటే మామిడి సొన వేళ్ళమీదుగా కారింది. సాయంత్రం అతని భార్య సవరమ్మ చూసి, ఇంత బొబ్బలెక్కితే మంట లేదా అని అడిగింది. లేదన్నాడు. అన్నాక గాని, లేకపోవడమేమిటని తనకే అనుమానం రాలేదు. ఈ ఉగాది తర్వాత మధ్యవేలు, చూపుడువేలు కూడా ఆ దారే పట్టాయి. ఇప్పుడు ఎడమచేతి చిటికెన వేలి కొసన తిమ్మిరి మొదలైంది. తేలుకుట్టిన దొంగలా ఎవరికీ చెప్పలేదు.

చెబితే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో ఒక పెద్దాయనకు పెద్దరోగం వచ్చిందని తాటిచెట్ల అవతల పాక వేసి ఉంచారు. కూడు తీసుకెళ్ళి రాయి మీద పెట్టి పరుగెత్తి వచ్చే పని రాయప్పదే. ఆయన పాకలోంచి పేరు పెట్టి పిలిచేవాడు, కాసేపు నిలబడరా అని. ఒక్కనాడూ నిలబడలేదు. మొన్న ఆదివారం గుడిలో ఫాదరుగారు పదిమంది కుష్ఠురోగుల కథ చదివితే, పదకొండోవాడైన తనను చూడటానికి అందరూ వెనక్కి తిరుగుతారేమోనని రాయప్ప తలెత్తలేదు. ఉక్కపోత సాకు చెప్పి నెలరోజులుగా వాకిట్లో అరుగు మీదే పడుకుంటున్నాడు. కూతురు వచ్చి పసిదాన్ని ఒళ్ళో వెయ్యబోతే, చేతులకు గ్రీజుందని తప్పుకున్నాడు.

అసలు అది ఆ రోగమో కాదో కూడా అతనికి తెలియదు. తెలుసుకోవాలంటే డాక్టరు దగ్గరికి పోవాలి. పోతే తెలిసిపోతుంది.

ఇంత భయం పెట్టుకుని ఇవాళ చెయ్యవలసిన పని మామూలు పని కాదు. బ్లాకు పుష్పావతిది. రెడ్డిగూడెం చుట్టుపక్కల తోటలు కౌలుకు పట్టి, కాయ కోయించి, మాగబెట్టి హైదరాబాదు తోలే మనిషి ఆవిడ. భర్త పోయాక ఆయన దగ్గర మిగిలిన మిలిటరీ లారీని అమ్మెయ్యమని అందరూ సలహా ఇచ్చారు. ఆవిడ అందరి సలహాలూ విని లారీ ఉంచుకుంది. చిక్కల్లా, నిండా కాయ వేస్తే ఎత్తు వచ్చినచోటల్లా అది రొప్పుతుంది. తెల్లారేసరికి మార్కెట్టులో దిగిన పండుకు ఉన్న మర్యాద పొద్దెక్కాక దిగిన పండుకు లేదు. ఆవిడ డ్రైవరు బెజవాడ పాతఇనప కొట్లలో వెతికి, అదే జాతి పెద్ద ఇంజనుది ఒక క్రాంకు, పిస్టన్లను పైకీ కిందికీ ఆడించే వంకర ఇరుసు, పట్టుకొచ్చాడు. దాని చేతులు కాస్త పొడుగు. దాన్ని ఈ బ్లాకులో బిగిస్తే పిస్టన్ మరికాస్త కిందికి దిగి మరికాస్త పైకి వస్తుంది. ఇంజను ఒక్కో గుక్కకు ఎక్కువ గాలి పీల్చి ఎక్కువ లాగుతుంది.

చెప్పడానికి ఇంతే. కంపెనీవాడు అనుకోని క్రాంకును వాడి బ్లాకులో ఇరికించడమంటే మాత్రం పక్కింటి కోడలిచేత మనింట్లో కాపురం చేయించడమే. పొడుగు చేతులు తిరిగేటప్పుడు సిలిండర్ల అడుగంచులకు తగిలాయి. తగిలినచోటల్లా ఉలితో, ఆకురాయితో చెక్కాలి. ఆ గోడ వెనకే ఇంజనును చల్లబరిచే నీళ్ళ దారి. కాస్త లోతుగా చెక్కితే నీళ్ళు ఇంజనులోకి వస్తాయి, బ్లాకు పాతసామాను వాడి కాటాకు పోతుంది. వారమంతా రాయప్ప చిన్న సుత్తితో కొట్టి, మోత విని, గోడ ఎంత మిగిలిందో అంచనా కట్టి చెక్కాడు. చెవి ఇంకా తనదే కాబట్టి గండం గడిచింది. ఇక ఆ క్రాంకు కోసం మద్రాసులో ప్రత్యేకంగా పోయించిన పిస్టన్లకు సరిగ్గా సిలిండర్లను పెద్దవి చెయ్యాలి. అది వేళ్ళ పని. ఇలాంటి బ్లాకు జిల్లాలో ఇంకొకటి దొరకదు. కోతలు మొదలయ్యాయి. ఇవాళ సాయంత్రానికి బోరింగ్ అయిపోతుందని రాఘవయ్య మాట ఇచ్చేశాడు. ఇచ్చి, ఏదో పెళ్ళి పని మీద నిన్ననే గుడివాడ వెళ్ళాడు.

పొద్దెక్కాక బస్సు టాపు మీదనుంచి ఒక గంప దిగింది. దాని వెనకాలే పుష్పావతి దిగింది. పొట్టి మనిషి, ముతక నేత చీర, బొడ్లో దోపుకున్న తాళాలగుత్తి. గంపలో వరిగడ్డి, గడ్డిలో మామిడిపళ్ళు, పళ్ళ మధ్య పిస్టన్లు. మద్రాసునుంచి వచ్చిన సామాను ఎవడు కాజేస్తాడోనని ఆవిడ భయం.

“ఇయ్యిగో మేస్త్రీ. పళ్ళనుకుని ఎవడూ ముట్టుకోలా,” అంది గర్వంగా.

ఆ షెడ్డులో ఒక సామెత ఉంది. రాయప్పకు పని నేర్పిన మేస్త్రీ అన్నది. పిస్టన్లూ బ్లాకూ ఒకే చూరు కింద ఒక రాత్రి నిద్ర చెయ్యాలి, అప్పుడే కొలవాలి అని. రెండూ ఒకే వేడికి వస్తే తప్ప కొలత కుదరదు. ఆ రాత్రి ఇవాళ లేదు. అయినా రాయప్పకు దానికొక అడ్డదారి ఉంది. తొందర పని వచ్చినప్పుడల్లా ఎడమ అరచెయ్యి బ్లాకు మీద, కుడిచేతి వేళ్ళు పిస్టన్ మీద పెట్టి చూసేవాడు. తేడా ఉంటే చేతులే చెప్పేవి. ఇవాళా అలవాటుగా అలాగే పెట్టాడు. కుడిచెయ్యి ఏమీ చెప్పలేదు. అది ఏమీ చెప్పకపోవడాన్నే తేడా లేదని అనుకున్నాడు.

మైక్రోమీటరుతో పిస్టన్లు కొలవడం అతనికి హాయి. పిస్టన్‌ను కుడిచేత్తో పట్టుకుని ఎడమచేత్తో తిప్పితే, దాని మర బిగిసేటప్పుడు టిక్కు టిక్కుమంటుంది, చెవి ఉంటే చాలు. అన్నీ ఒకే కొలతకు వచ్చాయి. గీతలు పడకుండా వాటిని మళ్ళీ గడ్డిలోనే పెట్టించి, బోరింగ్ మిషను బ్లాకు మీద బిగించి, కత్తి సరిచేసి మొదలుపెట్టాడు. ఎప్పటిలాగే చివరి నునుపు కోసం రెండు థౌలు మిగుల్చుకున్నాడు.

మిషను తిరిగింది. కత్తి గోడ మీద సన్నగా ఏడుస్తూ కిందికి దిగింది. బూడిద రంగు ఇనపపొడి రాలింది. రాయప్ప ఆ మోత వింటూ నిలబడ్డాడు. పుష్పావతి గోడవారన బల్ల మీద కూర్చుని, అంత దూరంనుంచి తెప్పించుకున్న సొత్తు ఎలా ఉందో చూద్దామని గడ్డిలోంచి ఒక పిస్టన్ తీసింది. మొదటి బోరు పూర్తయి మిషను ఆగాక అటూ ఇటూ తిప్పి చూస్తూ ఊరికే ఒక మాటంది.

“ఇంకా వెచ్చగానే ఉన్నాయేంటి మేస్త్రీ ఇవి? పళ్ళకంటే ముందు ఇవే మాగేట్టున్నాయి.”

రాయప్ప మిషను దగ్గరనుంచి చటుక్కున తిరిగాడు.

“వెచ్చగా ఏంటండీ?” అన్నాడు.

ముట్టుకు చూడమని ఆవిడ దాన్ని అతని చేతిలో పెట్టింది. కుడిచెయ్యి. ఒక బరువు తెలిసింది, అంతే. అప్పుడు ఎడమచేతికి మార్చుకున్నాడు. వెచ్చదనం మెల్లగా, సిగ్గులేకుండా, అరచేతిలోకి పాకింది. రాత్రి వీటిని ఎక్కడ పెట్టారని అడిగాడు. మాగుడు గదిలో, గడ్డిలో, పళ్ళ మధ్య అని ఆవిడ చెప్పింది. ఇంట్లో దొంగకు తోచని చోటు అదొక్కటేనట. మాగే గడ్డి ఎంత కుతకుతలాడుతుందో నూజివీడు సీమలో పసిపిల్లలకూ తెలుసు. ఆ పైన బస్సు టాపు మీద ఎండ. పిస్టన్ల లోహం ఇనుముకంటే త్వరగా ఉబ్బుతుంది. ఉబ్బిన పిస్టన్ కొలతకు అతను చల్లని బ్లాకును కోశాడు. ఎక్కువ కోశాడు. కోసిన ఇనుమును మళ్ళీ అతికించడం దేవుడి తరం కూడా కాదు.

పుష్పావతి బ్లాకు వైపు చూడటం లేదు. అతని కుడిచేతి వైపు చూస్తోంది.

“ఆ చేత్తో పట్టుకుంటే నీకు తెలియలా,” అంది.

“కాయలు కాసిన చేతులండీ.”

“మా ఆడపడుచు సత్యవతి చెయ్యి పొయ్యిలో కాలినా తెలియకపోతే మేమూ కాయలనే అనుకున్నాం.”

షెడ్డు అవతల లేత్ మిషను గిర్రున తిరుగుతోంది. దాని ముందున్న టర్నరు ఇటు చూడలేదు. రాయప్ప పిస్టన్‌ను బ్లాకు మీద పెట్టేశాడు. ఆవిడ ఇప్పుడు లేచి అరుస్తుందనుకున్నాడు. గంప నెత్తిన పెట్టుకుని పోతుందనుకున్నాడు. రోడ్డు మీద టీకొట్టు దగ్గర ఆగి ఒక్క మాట అంటే చాలు, సాయంత్రానికల్లా తాము ఉండే పేట దాకా పోతుంది. సవరమ్మ నీళ్ళకు వెళితే బావి దగ్గర ఆడవాళ్ళు బిందెలు దూరం జరుపుతారు. పసిదాన్ని ఇక తీసుకురారు.

పుష్పావతి వ్యాపారం చేసే మనిషి. ముందు తన సరుకు సంగతి తేల్చుకుంది.

“నా బ్లాకు పోయిందా?”

“తెలియదండీ. ఇవి చల్లారాక కొలిస్తేగాని తెలియదు.”

బావి నీళ్ళు తోడించి, పిస్టన్లను అందులో ముంచి తీసి, తుడిచి, బ్లాకు నెత్తిన వరసగా బోర్లించాడు. ఇక కూర్చోవడమే. పొద్దు నడినెత్తికి వస్తోంది. రేకుల కప్పు చిటపటమంటోంది. ఇంకాసేపైతే బ్లాకు కూడా వేడెక్కి, ఏ కొలతకూ అందకుండా పోతుందేమోనని రాయప్ప లేచి తలుపులు మూశాడు, మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ లేచి పిస్టన్ల మీద ఎడమచెయ్యి పెట్టి చూశాడు. అసలైన వేడి పోయిందో, ఎడమచెయ్యి కూడా మోసం చేస్తోందో అర్థం కాలేదు. ఇంతకాలం తనకూ ఇనుముకూ మధ్య వేళ్ళు ఉన్నాయనే సంగతే గుర్తుండేది కాదు. ఇప్పుడు వేళ్ళు తప్ప ఇంకేమీ గుర్తులేదు.

ఆ కాసేపట్లో పుష్పావతి సత్యవతి సంగతి చెప్పింది. మూడేళ్ళు పశువులపాక పక్కన గదిలో ఉంచారట. కంచం వేరు, నీళ్ళు వేరు. దూరం పెట్టినవాళ్ళలో తనే మొదటిదాన్నని దాచకుండా చెప్పింది. తరవాత ఎవరో చెబితే గోదావరి వైపు క్రైస్తవ మిషనరీల ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఇప్పుడు ఆ జబ్బుకు బిళ్ళలున్నాయి. రోజూ మింగాలి, ఏళ్ళ తరబడి మింగాలి. పోయిన స్పర్శ పూర్తిగా రాకపోవచ్చు, ఉన్నది మాత్రం పోకుండా ఆగుతుంది. సత్యవతి ఇప్పుడు తోటలో కోతకూలీల మీద అజమాయిషీ చేస్తోంది. తిట్లలో తనకంటే నాలుగాకులు ఎక్కువే చదివిందట.

“మూడేళ్ళు కూర్చోబెట్టి దాని వేళ్ళు మేమే పాడుచేశాం. నువ్వూ అదే పని చేసుకుంటన్నావు,” అంది.

 రోగం పేరు ఆవిడ ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు.

మైక్రోమీటరు తీసి చల్లారిన పిస్టన్ కొలిచాడు. టిక్కు, టిక్కు. అంకె ఒక థౌ తగ్గింది, దానిమీద ఇంకొంచెం కూడా తగ్గింది. నునుపు కోసం మిగిల్చింది రెండు. అంటే మిగలాల్సింది థౌకంటే తక్కువ. అది నిజంగా మిగిలి ఉంటే బ్లాకు బతికినట్టు. పొద్దున కత్తి సరిచేసినప్పుడు రవ్వంత తేడా జరిగి ఉంటే లేదు. క్యాలిపర్ బోరులోకి దించాడు. దాని కాళ్ళు గోడను తాకాయో లేదో ఎడమచేతికి తేలలేదు. తీసి, చెయ్యి నిక్కరుకు తుడుచుకుని, మళ్ళీ దించాడు. ఈసారీ తేలలేదు.

పుష్పావతి చెయ్యి చాపింది. “నాకియ్యి. ఏం చెయ్యాలో చెప్పు.”

వేల కాయల్లో చెయ్యి పెట్టి, ఏది రేపటికి పండుతుందో ఏది ఎల్లుండికి పండుతుందో చూపుడువేలితో ముట్టి ఏరి పంపే మనిషి ఆవిడ. నొక్కితే పండు చెడుతుంది, నొక్కకపోతే తెలియదు. ఆ మధ్యనే ఆవిడ బతుకు. రాయప్ప బోరులోకి తలవంచి క్యాలిపర్ నిటారుగా ఉందో లేదో చూస్తూ, దాని కాళ్ళు విప్పే మర కొద్దికొద్దిగా తిప్పుతూ ఉంటే ఆవిడ ఊపింది.

“తగులుతోందా అండీ?”

“తగల్లా.”

వెంట్రుకవాసి విప్పాడు. “ఇప్పుడు?”

“ఊఁ. రాసుకుంటోంది.”

“గట్టిగానా?”

ఆవిడ కళ్ళు మూసుకుంది. “గట్టిగా కాదు. ఆనీ ఆననట్టు.”

అదే. ఏళ్ళ తరబడి తన వేళ్ళు తనకు చెబుతూ వచ్చిన మాట అదే. ఇంకొకరి నోట వినేసరికి రాయప్పకు కళ్ళు చెమర్చాయి. క్యాలిపర్ బయటికి తీసి కొలిచాడు. ఒకసారి కాదు, ఆవిడ చేత మళ్ళీ మళ్ళీ పట్టించి కొలిచాడు. ముప్పావు థౌ మిగిలింది. మిగతావాటిని కొత్త కొలతకు కోస్తే, మొదటిదాన్ని జాగ్రత్తగా నునుపు పట్టిస్తే, బ్లాకు దక్కుతుంది.

పుష్పావతి కొంగుతో మొహం తుడుచుకుని, గంపలోంచి ఒక పండు తీసి తినమంది. అతను తల అడ్డంగా తిప్పాడు. మిగతా బోర్లు పూర్తయ్యేదాకా అతనికి ఏదీ మింగుడు పడేలా లేదు.

అవి ఒకదాని వెనక ఒకటి అయ్యాయి. కత్తి సరిచెయ్యడం, మోత వినడం, కంటితో చూడటం అతనివి. ముట్టుకోవడం ఆవిడది. ప్రతి బోరుకూ భయం మొదటినుంచి మొదలైంది. చివరిది ముగిసి మిషను ఆపేసరికి ఎండ పడమటి రేకుల కిందనుంచి ఏటవాలుగా లోపలికి వచ్చింది.

అప్పుడే రాఘవయ్య గుడివాడనుంచి దిగాడు. పెళ్ళి భోజనం, తాంబూలం, మంచి హుషారు. పుష్పావతి చేతిలో క్యాలిపర్ చూసి, మామిడి వ్యాపారం మానేసి మేస్త్రీ పనిలో చేరుతున్నావా అని నవ్వాడు. బోరులో వేలు పెట్టి తిప్పి చూసి మెచ్చుకున్నాడు. పుష్పావతి గంప సర్దుకుంటూ నిలబడింది. చెప్పాలా వద్దా అన్నది రాయప్పకు వదిలేసిందని అతనికి అర్థమైంది.

చెప్పకుండా ఇంకో నెల గడపవచ్చు. ఇంకో బ్లాకు వస్తుంది. అప్పుడు పక్కన ఈవిడ ఉండదు.

“బాబుగారూ, నా కుడిచెయ్యి మొద్దుబారిందండీ. పెద్దరోగమేమోనని భయంగా ఉంది. ఆసుపత్రికి పోతన్నాను. రేపటినించి మిషను మీద ఇంకొకళ్ళని పెట్టుకోండి.”

రాఘవయ్య చెడ్డవాడు కాదు. ఒక్క పరుషమాట అనలేదు. ఎన్నాళ్ళనుంచి అని అడిగాడు, అయ్యో అన్నాడు, తగ్గాక రమ్మన్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూనే మిషను పిడి మీద ఆనించిన చెయ్యి తీసేసి పంచెకు తుడుచుకున్నాడు. తుడుచుకున్నట్టు తనకే తెలిసినట్టు లేదు. జేబులోంచి దారిఖర్చులకని నోట్లు తీసి, చేతికివ్వబోయి, ఆగి, బ్లాకు మీద పెట్టాడు. రాయప్పకు చిన్నప్పటి ఆ రాయి, దానిమీద పెట్టిన కూడు కళ్ళ ముందు మెదిలాయి. నోట్లు తీసుకుని దండం పెట్టాడు.

ఇంటికి నడిచింది కొద్ది దూరమే గాని చాలాసేపు పట్టింది. రాఘవయ్యతో చెప్పడం తేలిక, అది పని. సవరమ్మతో చెప్పడం అలా కాదు. తనే తాటిచెట్ల అవతల పాక వేసుకుని ఉంటానని ముందే అనేస్తే ఆవిడకు ఆ మాట అనే పని తప్పుతుందని దారంతా ఆలోచించాడు.

సవరమ్మ వాకిట్లో చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. అతను గడప దాకా రాకుండా దడి దగ్గరే నిలబడి చెప్పాడు. చెయ్యి సంగతి, ఆసుపత్రి సంగతి. పాక సంగతి మొదలుపెట్టేసరికి ఆవిడ చేట పక్కన పెట్టింది.

“నిరుడు సొన కాలిననాడే అనుకున్నా,” అంది.

“మరి అడగలేదే?”

“అడిగితే నువ్వు ఎళ్ళిపోతావని.”

అరుగు మీద తను పడుకున్న నెలరోజులూ లోపల ఈవిడ కూడా నిద్రపోలేదన్నమాట. రాయప్పకు అంతవరకూ ఆ ఊహే రాలేదు. తన భయం ఒక్కడిదే అనుకుని మోశాడు. దాచినందుకు సిగ్గుపడ్డాడు. ఆవిడ కూడా మోసినందుకు ఏడుపొచ్చింది. దడి పట్టుకుని నిలబడి ఏడ్చాడు. సవరమ్మ వచ్చి, ఆ మొద్దుచెయ్యే పట్టుకుని లోపలికి తీసుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టింది.

గోదావరి వైపు పోయే బస్సు చీకటి పడకముందే ఉంది. ఇప్పుడే పోకపోతే రేపటికి ధైర్యం చాలదని ఇద్దరికీ తెలుసు. తనూ వస్తానంది. డాక్టర్లు ఏమంటారో చూశాక కబురు పెడతానని ఒప్పించాడు. ఆవిడ రెండు పంచెలు, ఒక దుప్పటి మూటకట్టింది. ఎండలో పడి వచ్చాడని ఇత్తడి గ్లాసు నిండా ఉప్పు వేసిన మజ్జిగ తెచ్చి ఇచ్చింది. సగం తాగేసరికి జంక్షన్ వైపునుంచి హారను వినిపించింది. గ్లాసు పక్కన పెట్టి మూట అందుకున్నాడు.

బస్సు దాకా ఇద్దరూ కలిసి నడిచారు. అతను మెట్టు ఎక్కి, కడ్డీని ఎడమచేత్తో పట్టుకున్నాడు. పళ్ళ గంపల మధ్య చోటు చూసుకుని కూర్చున్నాడు. కిటికీలోంచి ఏదో అన్నాడు గాని ఇంజను మోతలో ఆవిడకు వినిపించలేదు. బస్సు ఏలూరు రోడ్డు పట్టింది.

సవరమ్మ తిరిగి వచ్చేసరికి వాకిట్లో మసకగా ఉంది. అరుగు మీద కూర్చుని, అతను మిగిల్చిన మజ్జిగ ఎత్తి గుటకగుటకగా తాగింది. ఎంగిలి గ్లాసు కడగడానికి బావి దగ్గరికి తీసుకెళ్ళకుండా, ఉన్నచోటే పెట్టి లోపల దీపం వెలిగించింది. ఆ వెలుగు తలుపులోంచి వచ్చి గ్లాసు మీద పడింది. దాని చుట్టూ ఇంజను నూనె అంటిన వేళ్ళ ముద్రలు నల్లగా, అయిదుకు అయిదూ చెక్కుచెదరకుండా ఉన్నాయి.